కత్తికి ఏ మంత్రం మేలు?

మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్ల మధ్య కత్తికి ఏ మంత్రం వేయించాలన్న వాదన ఓ పట్టాన తెగదు. స్వీడన్‌కు చెందిన మోజాంగ్ సంస్థ 2011లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన ఈ ఆట 2023 నాటికి 30 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. గనులు తవ్వుకుంటూ, ఇల్లు కట్టుకుంటూ అందులో ప్రాణం నిలబెట్టుకోవాలి. చీకటి పడితే జాంబీలు, విల్లు పట్టిన అస్థిపంజరాలు, సాలీళ్లు, దగ్గరికొచ్చి పేలిపోయే క్రీపర్లు మీదపడతాయి. వాటిని ఎదుర్కొనే కత్తికి ‘ఎన్‌చాంట్‌మెంట్’ అనే మంత్రశక్తి జోడించుకోవచ్చు. షార్ప్‌నెస్ ఏ శత్రువు మీదైనా దెబ్బకు కొంత బలం పెంచుతుంది. స్మైట్ జాంబీలు, అస్థిపంజరాల వంటి చచ్చి లేచిన వాటి మీదే పనిచేస్తుంది, కానీ చాలా ఎక్కువగా. బేన్ ఆఫ్ ఆర్త్రోపాడ్స్ సాలీళ్ల వంటి వాటికే. మామూలు ఆటలో ఒక కత్తికి ఈ మూడింటిలో ఒక్కటే దక్కుతుంది.

అన్నిటికీ పనికొస్తుంది కనుక షార్ప్‌నెస్సే మేలని చాలామంది అంటారు. అది సగం నిజమే. తేల్చాల్సింది శత్రువు ఎన్ని దెబ్బలకు పడుతుందన్నది. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్ లెక్క చూడండి. నెదరైట్ అనే లోహపు కత్తి మామూలు దెబ్బ బలం 8. ఐదో స్థాయి షార్ప్‌నెస్‌తో 11, అదే స్థాయి స్మైట్‌తో 20.5. అస్థిపంజరం ప్రాణబలం 20 కనుక షార్ప్‌నెస్‌కు రెండు దెబ్బలు కావాలి, స్మైట్‌కు ఒక్కటి చాలు. అదే వజ్రపు కత్తి అయితే స్మైట్‌తో 19.5 దగ్గరే ఆగిపోతుంది. షార్ప్‌నెస్‌తో 10 అవుతుంది. రెండింటికీ రెండేసి దెబ్బలు తప్పవు. దాదాపు రెట్టింపు బలం ఉండి కూడా ఇక్కడ లాభం సున్నా. మంత్రం గొప్పతనం దానంతట అదే ఉండదు, పట్టిన కత్తినీ ఎదుటి శత్రువునూ బట్టి ఉంటుంది.

కృష్ణా డెల్టా రైతుకు ఈ తర్కం కొత్త కాదు. గుడివాడ వైపు మంచినీటి పొలంలో బాగా పండే వరి వంగడం దివిసీమ చివర ఉప్పు నేలలో అదే దిగుబడి ఇవ్వదు. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన కేంద్రం చౌడును తట్టుకునే వంగడాల మీద పనిచేస్తున్నది అందుకే. నేలను చూసి విత్తనం ఎంచినట్టే, తిరిగే చోటును చూసి మంత్రం ఎంచాలి.

రాత్రి ఆరుబయట ఏది ఎదురవుతుందో తెలియదు కదా అన్న అభ్యంతరం గట్టిది. నెదరైట్ కత్తికి స్మైట్ ఉంటే, ఆ మంత్రం పనిచేయని క్రీపర్‌కు మూడు దెబ్బలు వేయాలి, షార్ప్‌నెస్ ఉంటే రెండు. పేలిపోయే శత్రువు ముందు ఆ ఒక్క దెబ్బ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి మొదటి కత్తికి షార్ప్‌నెస్సే సరైనది. అయితే ఆటలోని నెదర్ అనే లోకపు కోటలో విథర్ అస్థిపంజరాల తలల కోసం వేటాడేవారికి ఆ మాట చెల్లదు. అక్కడ స్మైట్‌తో పాటు, దొరికేవి పెంచే లూటింగ్ కూడా వేసిన రెండో కత్తి శ్రమకు తగిన ఫలితమిస్తుంది. రెండో కత్తి ఖర్చు కదా అంటే, నిజమే. దాగలి మీద మంత్రాలు కలిపిన ప్రతిసారీ ఖరీదు పెరుగుతుంది, మామూలు ఆటలో అది 40 అనుభవ స్థాయిలకు చేరితే ఆ పనే కుదరదు. ఖర్చు అంత ఉంది కనుకే పేరు చూసి కాక లెక్క చూసి ఎంచుకోవాలి. పిల్లలు ఈ ఆటలో ఆ లెక్క వేసుకోవడం నేర్చుకుంటే, ‘అన్నిటికన్నా మంచిది ఏది’ అనే ముందు ‘దేనికి మంచిది’ అని అడగడం వాళ్లకు అలవాటవుతుంది.