సముద్రం అడుగున పైపులు... ఖర్చు ఎవరి నెత్తిన?

మా ఆర్మూరు వైపు పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూడనిదే ఏ ఖరీదుదారూ ధర చెప్పడు. అమ్మేవాడి మాట ఒక్కటే నమ్మి ఎవరూ కొనరు. మరి వేల కోట్ల సామాను సముద్రం అడుగుకి దింపేముందు, అలా విరిచి చూసే మూడో మనిషి ఎవరు?

"సముద్రమెక్కడ, మనమెక్కడ? నీకెందుకే గా లెక్కలు?" అంటుంది మా అత్తమ్మ. ఎందుకంటే, కోస్తా వైపు నుంచి పైపులైనులో వచ్చే గ్యాసుతోనే 2021 నుంచి రామగుండంలో యూరియా తయారవుతోంది. పసుపు వేసే ప్రతి ఇంటికీ యూరియా ధరతో పని ఉంది కదా!

కాకినాడకి ఎదురుగా ఉన్న కె.జి. డి6 సంగతే చూడండి. 2004లో రిలయన్స్ ఇచ్చిన అంచనా 239 కోట్ల డాలర్లు. 2006కి అది 880 కోట్లయింది. రోజుకి 4 కోట్ల ఘనపు మీటర్ల బదులు 8 కోట్లు తీస్తామన్నారు, ప్రపంచమంతటా సామాను ధరలు కూడా పెరిగాయి, నిజమే. హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ సరేనంది. 2009లో గ్యాసు వచ్చింది. 8 కోట్లు మాత్రం ఏనాడూ రాలేదు. 2010లో 6 కోట్ల దాకా వెళ్ళి, దిగజారుతూ వచ్చి, 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి బావులు మూతపడ్డాయి.

ఇక్కడే మనం పట్టించుకోవాల్సిన కిటుకు ఉంది. ఒప్పందం ప్రకారం కంపెనీ ముందు తన ఖర్చు రాబట్టుకుంటుంది. లాభంలో ప్రభుత్వ వాటా ఆ తర్వాతే. ఖర్చు పెరిగితే ప్రభుత్వానికి, అంటే మనకు, వచ్చేది తగ్గుతుంది. ఈ పద్ధతిలో పొదుపు చేయాలన్న ఆసక్తి కంపెనీకి ఉండదని 2011లో కాగ్ తప్పు పట్టింది. కానీ కాగ్ చూసేది ఖర్చయ్యాక. పెళ్ళయ్యాక జాతకం చూపించినట్టు!

స్వతంత్ర డిజైన్ రివ్యూ అనేది పైపు ఆర్డరు ఇవ్వకముందు జరగాలి. డిజైన్ గీసినవాళ్ళు కాక, సామాను అమ్మేవాళ్ళూ కాక, వేరే ఇంజనీర్లు కూర్చుని కాగితం మీదే ప్రతిదాన్నీ ప్రశ్నిస్తారు. ఇన్ని బావులు అవసరమా? పైపు గోడ ఇంత మందం ఎందుకు? ఖరీదైన మిశ్రమలోహం బదులు మామూలు ఉక్కు వేసి, తుప్పు పట్టకుండా మందు పంపితే చాలదా? రెండు కిలోమీటర్ల లోతున నీళ్ళు నాలుగైదు డిగ్రీలకు మించి ఉండవు. ఆ చలికి, ఒత్తిడికి గ్యాసు నీటితో కలిసి మంచుగడ్డలా గట్టిపడి పైపుని మూసేస్తుంది. అలా కాకుండా గ్లైకాల్ పంపుతారు. దానికి వేరే గొట్టం, ఒడ్డున ట్యాంకులు. ఒక్క లెక్క మారితే ఇన్నీ మారతాయి. కాగితం మీద గీత చెరిపెయ్యడానికి రబ్బరు చాలు. అదే ఓడ నడిసముద్రంలోకి వెళ్ళాక? 2008 ప్రాంతంలో లోతు సముద్రపు డ్రిల్లింగ్ ఓడ అద్దె రోజుకి 5 లక్షల డాలర్ల దాకా పలికింది.

అమెరికా దగ్గరి మెక్సికో గల్ఫ్‌లో బి.పి. కంపెనీ 'మ్యాడ్ డాగ్' రెండో దశ అంచనా 2,000 కోట్ల డాలర్లు దాటేసరికి 2013లో ఆ పనిని పక్కన పెట్టింది. భాగస్వాములతో, కాంట్రాక్టర్లతో కూర్చుని డిజైన్ సులువు చేసి, 2016లో 900 కోట్లకి ఖాయం చేసింది. చమురు ధర పడిపోయి అద్దెలు చవకవడం కూడా కలిసొచ్చిందనుకోండి. 2023లో చమురు వచ్చింది.

అలాగని కోతే పొదుపు కాదు. అదే కంపెనీ, అదే గల్ఫ్. 2010 ఏప్రిల్ 20న బావి పేలి 11 మంది చనిపోయారు. గొట్టాన్ని బావి మధ్యలో నిలిపే పట్టీలు 21 కావాలని సిమెంటు కంపెనీ లెక్క చెబితే, 6తోనే కానిచ్చారు. ప్రమాదానికి అదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు. అయినా 'ఇది తీసెయ్యండి' అన్నంత గట్టిగా 'ఇది కలపండి' అని కూడా అనగలవాడే నా దృష్టిలో స్వతంత్రుడు.

ఫీజు ఎవరిస్తే వాళ్ళ వైపు మొగ్గడం మనుషుల గుణం. అందుకే ఆ ఫీజు ప్రభుత్వమే ఇవ్వాలని, నివేదికని ఖర్చుకి ఆమోదం తెలపకముందే బయటపెట్టాలని నా అభిప్రాయం. డి6 ఖర్చుల తగాదా 2011లోనే మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళింది. రెండు వైపులా లాయర్లకిచ్చిన ఫీజుతో ఎన్ని రివ్యూలు అయ్యేవో!