రోహిణి ఎండల్లో పెరటి పాదు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇక పెరట్లోని టమాటా మొక్క గురించి చెప్పేదేముంది! మధ్యాహ్నానికల్లా తల వేలాడేస్తుంది. పూత పూసినట్టే రాలిపోతుంది. బలం చాలలేదేమోనని ఇంకో గుప్పెడు ఎరువు వేస్తుంటారు చాలామంది. అది ఎరువుతో తీరే లోటు కాదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు, పిందె నిలవదు.

బీర, సొర పాదులది మరో తంతు. పందిరి నిండా పూలే... కాయ మాత్రం ఒక్కటీ ఉండదు! ఎండ ముదిరి, పగళ్లు పొడవైనప్పుడు ఈ తీగలకు మగపూలే ఎక్కువొస్తాయి. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. వేడి తగ్గేకొద్దీ ఆడపూలు పెరుగుతాయి. ఈలోగా విసుగొచ్చి పాదు పీకేస్తే, వానాకాలంలో తినాల్సిన కాయల్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

మరి ఈ రెండు వారాలూ మొక్కను దాటించేదెలా? నీళ్లకన్నా ముందు నీడ. పాత నూలు చీరైనా సరే, నాలుగు కర్రలకు కట్టి పడమటి ఎండ తగలకుండా చూడాలి. మొదళ్ల చుట్టూ రెండంగుళాల మందాన ఎండుటాకులో, వరిగడ్డో పరచాలి. కాండానికి మాత్రం ఆనకూడదు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలతో ఎదురుచూసే ఇళ్లలో అసలైన పొదుపు ఇదే. బియ్యం కడిగిన నీళ్లు కూడా మొక్కలకు పోయొచ్చు. తడి పెట్టేది తెల్లవారుజామునే. మట్టిలో వేలు పెడితే చెమ్మ తగిలిందా, ఆ పూటకు మానేయొచ్చు. మధ్యాహ్నం వాడిన ఆకు సాయంత్రానికి తేరుకుందంటే అది దాహం కాదు, ఎండ దెబ్బే. డాబా మీది కుండీలకైతే కింద ఇటుకలు పెట్టాలి. లేదంటే కాలిన సిమెంటు వేడికి వేళ్లు ఉడికిపోతాయి. ఆకుల మీద తెల్లటి చుక్కలు, అడుగున సన్నటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి చేరినట్టు. పొడి వేడిలో ఇది తెగ పెరుగుతుంది. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది.

గింజలు వేయడానికి ఇది అదను కాదనుకుంటారుగానీ తోటకూర, గోంగూర ఈ ఎండకూ జంకవు. తోటకూరైతే నెల తిరిగేసరికి కూరకొస్తుంది.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర. తొలకరి పడి నేల చల్లబడ్డాక కాకర, పొట్ల, చిక్కుడు పెట్టుకోవచ్చు. కాకర గింజ పెంకు మందం, రాత్రంతా నానాల్సిందే. పందిరి చిక్కుడు పగళ్లు కురచయ్యాకే పూతకొస్తుంది. అప్పుడు పెట్టిన గింజ సంక్రాంతికి కాయలిస్తుంది. అన్నాళ్లు నిలిచే తీగ కాబట్టి, పందిరికి గట్టి గుంజలు ఇప్పుడే చూసుకోవాలి.