గోడమీది పూలు

పల్నాటి పట్టణములయందు క్రొత్తయిండ్లు కట్టుకొనువారు కొందరు, గోడలకు వాల్‌పేపరు అను పూలకాగితమును అంటించుచున్నారు. ఆ వేడుకను మేము తప్పుపట్టము. ఒకే గదిలో రెండుమూడు నమూనాలను కలుపుటయందే చిక్కున్నది.

మా ముందుగదికి మేమును మూడు నమూనాలు తెచ్చితిమి. విడివిడిగా మూడును సుందరములే. అంటించిన పిదప చూచినవారు “ఇది గదియా, కోటప్పకొండ ప్రభయా?” యని నవ్విరి. మూడింటను పూవులు ఒకే పరిమాణమున నుండుటచే కన్ను నిలుచుటకు తావు లేకపోయెను. వానలు రాగానే కాగితపు అంచులును లేచినవి. సొమ్ము పోయిన మాట యటుండ, ఆ గదిలో కూర్చుండుటకే మనసొప్పలేదు.

అప్పుడు మా అమ్మమ్మగారి యిల్లు జ్ఞప్తికి వచ్చినది. పిడుగురాళ్ల సున్నముతో తెల్లనైన గోడ, దాని పాదమున జాజుపట్టె, పట్టెపై సన్నని ముగ్గుగీతలు, గడపకు పసుపు కుంకుమలు, క్రింద మాచర్ల బండలు. అచటను నమూనాలు పెక్కు గలవు. కాని పెద్దది వాకిటి ముగ్గొక్కటే. తక్కినవి చుక్కలు, గీతలు. ముగ్గు తెలుపును గోడ తెలుపును ఒక్కటే. రెంటచింతల యెండలనుండి లోనికి వచ్చినవారికి ఆ తెలుపే చలువ.

ఈ న్యాయము మనకు క్రొత్తదికాదు. పెద్దపూవుల చీరపై పెద్దపూవుల రవికను తొడుగుదుమా?

కావున సోదరీమణులు గదికి పెద్ద నమూనాను ఒక్కదానినే, అదియు ఒక్క గోడకే యెన్నుకొనవలెను. దానికి తోడు సన్నని చారలో చుక్కలో చాలును. రెండింటను ఒక రంగైనను సమానముగా నుండవలెను. తక్కిన గోడలను తెల్లగా విడువవలెను. నేలపై పూలపలకలున్నచో వానిని గూడ ఒక నమూనాగా లెక్కింపవలెను.

సాధారణపు చుట్ట సుమారు 10 మీటర్ల పొడవు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. 10 అడుగుల ఎత్తు, 10 అడుగుల వెడల్పు గల గోడకు రెండు చుట్టలు చాలుననిపించును. కాని పెద్దపూవును పూవుతో కలుపునప్పుడు కాగితము వ్యర్థమై మూడవ చుట్ట కావలసివచ్చును.

రాలు సున్నముపై జిగురు నిలువదు. పాతసున్నమును గీకి, ప్రైమరు పూసి, గోడ పూర్తిగా ఆరిన పిదపనే అంటింపవలెను. చెమ్మ యూరు గోడకును, ఆవిరియు నూనెయు తగులు వంటింటికిని సున్నమే మేలు.

కొనుటకు ముందు నమూనా ముక్కలను తెచ్చి, పగటి వెలుతురునను రాత్రి దీపమునను గోడపై నుంచి చూడుడు. మూడవనాటికిని కంటికి హాయిగా నున్నచో, అప్పుడే సొమ్ము వెచ్చింపుడు.