పెట్టె కొంటే తేనె వచ్చేస్తుందా?

పెరట్లో తేనెటీగల పెట్టె పెట్టుకోవాలన్న సరదా పట్నాల్లోనూ కనిపిస్తోంది. దాని వెంటే ఎవరెవరో చెప్పిన మాటలూ ఇంటికొస్తాయి. కొన్ని నవ్వుకుని వదిలేయదగ్గవి. కొన్ని మాత్రం ఈగల ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: ట్యాంకు కింద పట్టిన తుట్టెను తెచ్చి పెట్టెలో వేసుకోవచ్చు.

కుదరదు. మేడల అంచులకూ మర్రికొమ్మలకూ వేలాడే ఆ పెద్ద తుట్టె కొండ తేనెటీగది. ఆరుబయట ఒకే పలకగా పట్టు కట్టడం దాని నైజం. చీకటి పెట్టెలో ఇమడదు, కోపమూ ఎక్కువే. పేపర్లో 'తేనెటీగల దాడి' అని కనిపించే వార్తలు చాలావరకు దాని చలవే. పొదల్లో అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగ కూడా పెట్టెకు లొంగదు. పెరటికి పనికొచ్చేది పుట్ట తేనెటీగ. చెట్టుతొర్రల్లో, గోడసందుల్లో, చీకట్లో వరుసగా పలకలు కట్టుకునే అలవాటు దానిది. అందుకే చెక్కపెట్టెలోని ఫ్రేముల మీద సులువుగా స్థిరపడుతుంది. ఐరోపా ఈగ ఇంతకు కొన్ని రెట్లు తేనె ఇస్తుంది, నిజమే. కానీ అది పూతను వెతుక్కుంటూ పెట్టెలను లారీల మీద ఊరూరా తిప్పే వ్యాపారుల సరుకు.

అపోహ: ఎకరం తోటైనా ఉండాలి.

పెట్టెకు కాస్త చోటు, పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ చాలు. ఈగలు ప్రహరీగోడను లెక్కచేయవు, సుమారు కిలోమీటరు దాకా మేతకు పోతాయి. కాబట్టి చూడాల్సింది పెరడు కాదు, వీధి. మునగ, చింత, కానుగ, కుంకుడు, నేరేడు ఉన్నాయా? కొబ్బరిచెట్లుంటే ఇంకా మేలు, అవి ఏడాది పొడవునా పూస్తాయి. దగ్గర్లో మందులు తెగ కొట్టే పత్తి, మిరప చేలుంటే మాత్రం మానుకోవడమే మంచిది.

అపోహ: ఓసారి పెట్టె పెడితే ఏడాదికోసారి తేనె తీసుకోవడమే పని.

సరదాపడ్డవాళ్ల పెట్టెలను ఖాళీ చేసేది ఎక్కువగా ఈ నమ్మకమే. వారం పదిరోజులకోసారి మూత తెరవాలి. ఫ్రేమును పెట్టె మీదే నిలువుగా ఎత్తి, ఎండ మన వీపు వైపు ఉండేలా నిలబడి, గదుల అడుగుకు చూడాలి. తెల్లని దారం తునకల్లా నిలబడి ఉండేవి గుడ్లు. గుడ్డు మూడు రోజులకే పిల్లపురుగవుతుంది. అంటే గుడ్లు కనబడితే రాణి కంటపడకపోయినా మూడు రోజుల కిందటి దాకా ఉన్నట్టే. పట్టు కింది అంచున వేరుశనక్కాయల్లాంటి గూళ్లు వేలాడుతుంటే కొత్త రాణి తయారవుతోందన్నమాట, గుంపు చీలే సూచన. మగ ఈగల గదుల మూతల మీద సూదిబెజ్జాలు చూసి రోగమని కంగారు పడకండి. పుట్ట ఈగకు అది మామూలే.

అసలు పరీక్ష వానాకాలం. పూత తగ్గుతుంది, ఉన్న పూలలో మకరందం కడుక్కుపోతుంది, ఈగలు గడప దాటలేవు. అంతకుముందే నిల్వతేనెంతా మనం పిండేసి ఉంటే, ఓ రోజు గుంపు మొత్తం లేచిపోతుంది. అందుకే పంచదార, నీళ్లు సమంగా కలిపి, సాయంత్రంపూట పెట్టె లోపలే పెడతారు. బయట పెడితే పక్క గుంపులు దోపిడీకి దిగుతాయి. 'అయితే అది కల్తీ తేనేగా' అని అడిగేవారుంటారు. తేనె నింపే పైగదిని తీసేసి, పస్తు తప్పించడానికి పెట్టే పాకమిది. పూత మొదలవగానే ఆపేస్తారు. పూత కాలంలోనూ పాకం పోసి, వచ్చినదాన్ని తేనెగా అమ్మితే అప్పుడది కల్తీయే.

వానల్లోనే మైనపు పురుగూ చేరుతుంది. బలహీనపడ్డ గుంపులో ఈగలు కప్పని పలకలకు బూజులాంటి దారాలల్లి లోపల తినేస్తుంది. అలాంటి పలకలను ముందే తీసేయాలి.

అపోహ: అసలు తేనెకు చీమలు పట్టవు, అది గడ్డకట్టదు.

మరి పెట్టె స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఎందుకు నిలబెడతారు? చీమలకు భయపడే! ఇక గ్లూకోజు పాలు ఎక్కువున్న పొద్దుతిరుగుడు, ఆవపూల తేనెలు త్వరగా పేరుకుంటాయి. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది. అగ్గిపుల్ల ముంచి వెలిగించే పరీక్షతో కల్తీ తేలదు.

షుగరున్నవాళ్లకు తేనె చేటు చేయదన్నదీ తప్పే. అందులో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు చక్కెరలే. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం మన ఇళ్లలో ఇంకా ఉంది, మానేయాలి. ఏడాది నిండని పసివాళ్లలో అరుదుగానైనా ప్రాణాంతకమైన బొటులిజం రావచ్చు.

అపోహ: పొగతో ఈగలు మత్తులో పడతాయి.

పడవు. ఒక ఈగ కుట్టగానే అరటిపండును తలపించే వాసన వెలువడి మిగతావాటిని పిలుస్తుంది. పొగ ఆ వాసనను కప్పేస్తుంది. పైగా ఈగలు కంగారుగా తేనె తాగడంలో పడతాయి. కుడితే ముల్లును ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కుట్టినచోట వాపు సహజం. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి బరువైనా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కొనదలిస్తే వానలు వెనకబట్టాక కొనండి. ఖాళీ పెట్టె కాదు, గుడ్లు పెడుతున్న రాణితో, నాలుగైదు ఫ్రేముల నిండా ఈగలున్న గుంపును అడగండి. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో తేనెటీగల శిక్షణ ఉందేమో ముందు వాకబు చేయండి. రెండు పెట్టెలైతే నయం, ఒకదాంట్లో రాణి పోతే రెండోదాన్నుంచి గుడ్లున్న ఫ్రేము తెచ్చి ఇవ్వొచ్చు. మొదటి ఏడాది తేనె మీద ఆశ పెట్టుకోకండి. తీసినా, మూడొంతులు తెల్లని మైనపు మూత పడ్డ పలకలనే తీయండి. మూత పడని తేనెలో నీరెక్కువ, సీసాలో పులుస్తుంది.