మీకు తెలుసా? ఒక్క వాద్యకారుణ్ణి కూడా పిలవకుండా తయారైన ఆల్బమ్

● 1996 సెప్టెంబరులో లండన్‌లోని మో వ్యాక్స్ అనే చిన్న సంస్థ 'ఎండ్‌ట్రొడ్యూసింగ్.....' ఆల్బమ్‌ను విడుదల చేసింది. చేసినవాడు కాలిఫోర్నియా కుర్రాడు జాష్ డేవిస్. సంగీత లోకానికి డీజే షాడోగా తెలుసు. అప్పటికి అతనికి 24 ఏళ్లు, ఇదే తొలి ఆల్బమ్. హిప్ హాప్ అనగానే ర్యాప్ గుర్తొస్తుంది కదా, గంటకు పైగా సాగే ఈ ఆల్బమ్‌లో ర్యాపర్ లేడు. పాడేందుకు గాయకుణ్ణి గానీ, వాయించేందుకు డ్రమ్మర్‌ను గానీ స్టూడియోకి పిలవలేదు.

● మరి సంగీతం ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత రికార్డుల్లోంచి. ఒక రికార్డులోని చిన్న ముక్కను తీసుకుని కొత్త పాటలో వాడుకుంటే దాన్ని శాంపిల్ అంటారు. అక్కడక్కడా స్నేహితులు పలికిన కొన్ని మాటలు తప్ప ఈ ఆల్బమ్ మొత్తం శాంపిళ్లే. పూర్తిగా శాంపిళ్లతో చేసిన తొలి ఆల్బమ్‌గా గిన్నిస్ పుస్తకం 2001లో దీనికి చోటిచ్చింది.

● ఇందుకు వాడిన ముఖ్యమైన సామగ్రి మూడే: రికార్డులు తిప్పే టెక్నిక్స్ టర్న్‌టేబుల్, అకాయ్ ఎంపీసీ60 శాంప్లర్, టేపు మీద రికార్డు చేసే ఏడాట్ యంత్రం. ఇందులో ఎంపీసీ60 కథ తెలుసుకోవాలి. 1988లో వచ్చిన ఈ యంత్రం మీద వేళ్లతో తట్టడానికి 16 రబ్బరు మీటలు ఉంటాయి. ఒక్కో మీటకు ఒక్కో శబ్దం. అయితే దాని జ్ఞాపకశక్తిలో పట్టేది దాదాపు 13 సెకన్ల శబ్దమే, అదనపు చిప్పులు పెడితే 26 సెకన్లు! అందుకే ఆనాటి బీట్ తయారీదారులు ఒక కిటుకు పాటించేవారు. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి శాంప్లర్‌లోకి ఎక్కించేవారు. అప్పుడు 10 సెకన్ల ముక్క ఏడున్నర సెకన్లలోపే సర్దుకునేది. ఆ తర్వాత యంత్రంలో దాని వేగం తగ్గించి అసలు శ్రుతికి తెచ్చేవారు. ఈ దింపుడులో శబ్దానికి ఒక మసక, ఒక గరుకుదనం అంటుకునేవి. ఆ కాలపు హిప్ హాప్‌ను ఇష్టపడేవాళ్లు ప్రాణం పెట్టేది ఆ గరుకుదనం మీదే.

● 'ఎవరో వాయించింది ఎత్తుకొచ్చి అతికించడమూ ఒక పనేనా' అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు ఈ ఆల్బమ్‌లోని డ్రమ్స్‌ను ఒక్కసారి శ్రద్ధగా వినాలి. పాత రికార్డులోని డ్రమ్ వరుసను షాడో ఉన్నదున్నట్టు తిప్పి తిప్పి వినిపించి ఊరుకోడు. దాన్ని దెబ్బ దెబ్బగా విడగొట్టి, ఒక్కో దెబ్బనూ ఒక్కో మీటకు ఇచ్చి, అసలు డ్రమ్మర్ ఎన్నడూ వాయించని వరుసలో మళ్లీ పేరుస్తాడు. నా దృష్టిలో ఇది నూటికి నూరుపాళ్లు స్వరరచనే.

● 'ది నంబర్ సాంగ్'లో రాక్ బృందం మెటాలికా, 'మ్యూచువల్ స్లంప్'లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్, 'ఆర్గన్ డోనర్'లో స్వరకర్త జార్జియో మోరోడర్ శాంపిళ్లుగా వినిపిస్తారు. జాన్ కార్పెంటర్ తీసిన భయానక చిత్రం 'ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లోని మాటలు కూడా ఆల్బమ్‌లో ఉన్నాయి.

● ముఖచిత్రం స్టూడియోలో వేసిన సెట్టు కాదు. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో నిజంగా ఉన్న రికార్డుల దుకాణంలో బ్రయన్ క్రాస్ తీసిన ఫొటో. దాని మీద షాడో కనిపించడు, రికార్డులు వెతుక్కుంటున్న అతని స్నేహితులు కనిపిస్తారు.

● 2001లో వచ్చిన 'స్క్రాచ్' అనే డాక్యుమెంటరీలో షాడో ఒక దుకాణం నేలమాళిగలో, తల ఎత్తు పేరుకుపోయిన రికార్డుల మధ్య కూర్చుని మాట్లాడతాడు. ఇక్కడున్నవన్నీ ఎవరెవరివో నెరవేరని కలలనీ, ఏదో ఒకరోజు తన రికార్డులూ ఇలాంటి గుట్టలోకే చేరతాయనీ అంటాడు. ఈ ఆల్బమ్ నాకు ఇంత దగ్గరవడానికి కారణం ఆ వినయమే. అమ్ముడుపోక మూలన పడిన రికార్డు మీద కూడా ఎవరో ఒక మనిషి ఒక సాయంత్రం మనసు పెట్టి వాయించి ఉంటాడు. షాడో దాన్ని వెతికి మరీ వింటాడు.

● 'వై హిప్ హాప్ సక్స్ ఇన్ 96' అనే ట్రాక్ నిడివి నిమిషం కూడా లేదు. హిప్ హాప్ ఎందుకు పాడైందన్న ప్రశ్నకు అందులో దొరికే జవాబు ఒక్కటే: డబ్బు.

● అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి డేవిడ్ ఆక్సెల్‌రాడ్‌ది. లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఈ స్వరకర్త, ఆంగ్లకవి విలియం బ్లేక్ కవితల ప్రేరణతో 1969లో 'సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' అనే ఆల్బమ్ చేశాడు. తర్వాత కాలంలో ఆయన పేరు తలుచుకునేవాళ్లు తగ్గిపోయారు. ఆ ఆల్బమ్‌లోని 'ది హ్యూమన్ ఆబ్‌స్ట్రాక్ట్' పియానోను షాడో తన 'మిడ్‌నైట్ ఇన్ ఎ పర్ఫెక్ట్ వరల్డ్'కు పునాదిగా వేసుకున్నాడు. కుర్రకారు ఆ పియానో ఎవరిదని ఆరా తీయడం మొదలుపెట్టారు. 2001లో ఆక్సెల్‌రాడ్ కొత్త ఆల్బమ్ వచ్చింది. విడుదల చేసింది ఎవరనుకున్నారు? షాడో తొలి ఆల్బమ్‌ను తెచ్చిన మో వ్యాక్సే! అప్పటికి ఆక్సెల్‌రాడ్ వయసు దాదాపు 70.

● కొత్తగా వినేవాళ్లు ఈ 'మిడ్‌నైట్...'తోనే మొదలుపెట్టండి. అదయ్యాక ఆక్సెల్‌రాడ్ పాటను విడిగా పెట్టుకుని ఆ పియానో ఎక్కడొస్తుందో పట్టుకోండి.