మీకు తెలుసా? పదిహేను ‘మదనపల్లె’లంత పురుగు!

ఇంట్లో కంప్యూటరుందా? నెట్ ఉందా? అయితే నెట్ రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ కూడా ఉండే ఉంటుంది. అది ఆన్‌లో ఉందో, ఆఫ్‌లో ఉందో ఎప్పుడైనా చూశారా? సరే, చూద్దురుగాని, ముందు ఈ వింతలు వినండి!

★ మీ కంప్యూటర్‌కు పోర్టులు, అంటే నెట్ రాకపోకలకు నంబర్లేసిన ద్వారాలు, ఎన్నో చెప్పుకోండి. పదా? వందా? అక్షరాలా 65,536! 2011 జనాభా లెక్కల్లో పుంగనూరు పట్టణానిది యాభై వేల పైచిలుకు. మనిషికో పోర్టు పంచిపెట్టినా ఇంకా కొన్ని వేలు మిగిలిపోతాయి. అదీ టీసీపీ లెక్క ఒక్కటే, యూడీపీకి మళ్లీ ఇంకో 65,536 (ఈ రెండూ నెట్‌లో డేటా పంపే పద్ధతులు)!

★ మదనపల్లె యార్డులో టమాటా ఇవాళ ఎంత పలికిందో బ్రౌజర్‌లో చూడాలంటే మీరు తెరవాల్సిన పోర్టులు... సున్నా! మీ కంప్యూటర్ అవతలి సర్వర్‌లోని 443 నంబరు పోర్టుకు వెళ్లి అడుగుతుంది, జవాబు తెచ్చుకోవడానికి తనవైపు 49152 నుంచి 65535 లోపు ఏదో ఒక నంబరు అప్పటికప్పుడు తీసుకుంటుంది. అడిగిన దానికి వచ్చిన జవాబు కాబట్టి ఫైర్‌వాల్ దాన్ని రానిస్తుంది. అడక్కుండా వచ్చేవాటినే ఆపుతుంది. కాబట్టి ‘ఫలానా పోర్టు తెరవండి’ అని ఎవరన్నా సలహా ఇస్తే, ఎందుకో గట్టిగా అడగండి.

★ ప్రపంచాన్ని పది నిమిషాల్లో చుట్టేసిన కంప్యూటర్ పురుగు (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) సైజు 376 బైట్లు! యూనికోడ్‌లో ‘మదనపల్లె’ అని రాస్తే మామూలుగా 24 బైట్లు పడుతుంది, అంటే ఆ పేరు పదిహేనుసార్లు రాసేసరికి పురుగు దాదాపు పూర్తయిపోయినట్టే. దాని పేరు స్లామర్. 2003 జనవరి 25న, మన గడియారంలో శనివారం పొద్దున 11 గంటల ప్రాంతంలో బయల్దేరింది. మొదట్లో ఎనిమిదిన్నర సెకన్లకోసారి రెట్టింపవుతూ, దారి దొరికిన సుమారు 75 వేల కంప్యూటర్లలో నూటికి తొంభైని పది నిమిషాల్లో పట్టేసింది. అది వచ్చే దారి ఒకటే, యూడీపీ 1434. ఆ ఒక్క నంబరును బయటివాళ్లకు మూసి ఉంచిన చోట దాని ఆట సాగలేదు!

★ కుప్పం పేరు ఒకప్పుడు అమెరికా కంపెనీ బోర్డు మీదికెక్కింది! హెచ్‌పీ పల్లెలకు కంప్యూటర్ సాయం చేరవేసే తన మొట్టమొదటి ‘ఐ-కమ్యూనిటీ’ని 2002 ఫిబ్రవరిలో కుప్పంలోనే మొదలుపెట్టింది, డ్వాక్రా మహిళలు కొందరు డిజిటల్ కెమెరా, ప్రింటరు, సోలార్ చార్జరు భుజాన వేసుకుని ఊరూరా ఫొటోలు తీసి అక్కడికక్కడే చేతికిచ్చారు. ఆ రోజుల్లో కొత్తగా అమ్ముడవుతున్న విండోస్ ఎక్స్‌పీ సంగతి ఇంకా వింత. అందులో ఫైర్‌వాల్ ఉంది, కానీ ఆఫ్ చేసి ఇచ్చేవారు! దాన్ని మైక్రోసాఫ్టే ఆన్ చేసి ఇవ్వడానికి 2004 ఆగస్టు దాకా, అంటే సర్వీస్ ప్యాక్ 2 దాకా పట్టింది.

★ 20 నిమిషాలా, 10 గంటలా? అప్‌డేట్లు లేని విండోస్ కంప్యూటర్ నెట్‌కు తగిలించాక సగటున 20 నిమిషాలే క్షేమంగా ఉంటోందని 2004లో సాన్స్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ లెక్క తేల్చింది. దాన్ని కాపాడే సర్వీస్ ప్యాక్ 2 పూర్తి ఫైలేమో 266 ఎంబీ. 56 కేబీపీఎస్ డయలప్ మీద దింపుకోవడానికి పది గంటల పైమాటే. మందు వచ్చేలోపు రోగి ముప్పైసార్లు పోతాడన్నమాట!

★ 2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే మరో పురుగు దాదాపు 150 దేశాలు తిరిగి, మన చిత్తూరు జిల్లాకూ వచ్చింది! ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి, చిత్తూరు జిల్లావీ అందులో ఉన్నాయి (అప్పటికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఆ జిల్లాలోనివే). అది దూరింది ఫైళ్లు పంచుకునే 445 పోర్టులోంచి. విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, అంటే సరిగ్గా 59 రోజుల ముందు! ఇంతకీ ఆ తొలి ఉప్పెనను ఆపిందేమిటో తెలుసా? పురుగు పదేపదే వెతుకుతున్న ఒక వెబ్ చిరునామాను బ్రిటన్ కుర్రాడొకడు పది డాలర్ల పైచిలుకు పెట్టి తన పేరున రిజిస్టర్ చేయించుకోవడం!

★ ఒక్క క్లిక్కుతో ఆ 445 మూసుకుంటుంది, ఒక్క క్లిక్కుతో తెరుచుకోనూవచ్చు. వైఫైకి కలిసినప్పుడు విండోస్‌లో కనిపించే ‘పబ్లిక్’, ‘ప్రైవేట్’ అన్న రెండు మాటల మతలబు ఇదే. పబ్లిక్ అంటే పక్క కంప్యూటర్లకు మీది కనిపించదు. ఇంట్లో ప్రింటరు పంచుకోవాలంటే ప్రైవేట్ పెట్టుకోండి. రైల్వే స్టేషన్లో, లాడ్జిలో మాత్రం పబ్లిక్కే, రెండో ఆలోచన వద్దు.

★ విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్ లోపలికి వచ్చేవాటిని అన్ని ప్రశ్నలు వేస్తుంది గాని, బయటికి పోయేవాటిని మామూలుగా ఒక్క ప్రశ్నా అడగదు! వేరే కంపెనీ ఫైర్‌వాల్ తెచ్చుకోవడంలో అసలు లాభం ఇక్కడే ఉంది. ఏ ప్రోగ్రాం మీకు చెప్పకుండా ఎవరికి కబురు పంపుతోందో అది పట్టిస్తుంది. రంగురంగుల గ్రాఫులు, ‘100% రక్షణ’ స్టిక్కర్లు నాకైతే ఆనవు.

★ పేరు మార్చుకుంటే చాలు, కాపలావాళ్లే సలాం కొట్టారు! 2000 డిసెంబరులో అమెరికా ప్రోగ్రామర్ స్టీవ్ గిబ్సన్ ‘లీక్‌టెస్ట్’ అనే బుల్లి ప్రోగ్రాం వదిలాడు. దాని ఫైలుకు బ్రౌజర్ పేరు పెడితే చాలు, పేరున్న ఫైర్‌వాల్స్ కొన్ని ‘ఓహో మనవాడే’ అని బయటికి పంపేశాయి. ఆ పరీక్షలో నిలబడి జోన్‌అలారం పేరు తెచ్చుకుంది.

★ ఏ ఫైర్‌వాలూ ఆపలేని దొంగ ఒకడున్నాడు, మీరే పిలిచినవాడు! మీ ఫోన్‌నో, కంప్యూటర్‌నో దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ యాప్ పేరుతో జరిగే మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ఫోన్లో ఎవరో చెప్పారని ఆ యాప్ దింపి అందులో కనిపించే నంబరు చదివేస్తే, కనెక్షన్ మీ ఇంట్లోంచే, మీ అనుమతితోనే బయటికి వెళుతుంది. డబ్బు పోయిందా? వెంటనే 1930కి ఫోన్ చేయండి.

★ మీ కంప్యూటర్లో ఒకే పేరుతో పదుల కొద్దీ ప్రోగ్రాములు తిరుగుతున్నాయి! పేరు ఎస్‌వీసీహోస్ట్. విండోస్ సేవల్లో చాలావరకు దాని మీదే నడుస్తాయి. మెమరీ మూడున్నర జీబీ దాటితే విండోస్ 10 నుంచి చాలా సేవలు తలా ఒక కాపీ తెరుచుకుంటాయి. కొత్త ఫైర్‌వాల్ వేసిన మొదటి సాయంత్రం చూడాలి తమాషా! ‘ఎస్‌వీసీహోస్ట్ బయటికి వెళ్తానంటోంది, అలో? బ్లాక్?’ అని మూలన పాప్-అప్ లేస్తుంది. పేరు చూసి భయపడి బ్లాక్ కొడతారు. రెండు నిమిషాలకు ఇంట్లోంచి కేక: ‘ఏమండీ, నెట్ రావడం లేదు!’ వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే పనీ, విండోస్ అప్‌డేటూ అందులోంచే పోతాయి మరి. విండోస్ సొంత ఫోల్డరులో ఉన్న అసలుదైతే అలో కొట్టండి. వేరేచోట అదే పేరుతో ఉంటే అనుమానించండి.

★ టైనీవాల్ అనే ఉచిత ఫైర్‌వాల్ పుంగనూరు ఆవు లాంటిది! ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, టైనీవాల్ దింపుకునే ఫైలు ఏవో రెండు మూడు ఎంబీలు. రెండూ చోటు తినవు, గోల చేయవు. ఇది పాప్-అప్‌లే వేయదు, మీరు అలో చేసినవాటిని తప్ప మిగతావాటిని కిక్కురుమనకుండా ఆపేస్తుంది. సొంత యంత్రాంగం కూడా పెట్టుకోదు, విండోస్‌లో ఉన్నదాన్నే నడిపిస్తుంది!

★ రెండు ఫైర్‌వాల్స్ వేస్తే రక్షణ రెట్టింపా? ఊహూఁ, తలనొప్పి రెట్టింపు! ఒకటి వదిలింది ఇంకోటి ఆపుతుంది, తప్పు ఏదిదో తేలదు. బయటి కంపెనీది వేస్తే విండోస్‌ది మామూలుగా తనే పక్కకు తప్పుకుంటుంది. ట్రయల్ అయిపోయి దాన్ని తీసేశారా, విండోస్‌ది మళ్లీ ఆన్ అయ్యిందో లేదో ‘విండోస్ సెక్యూరిటీ’లో చూడండి.

★ మన పక్క చెన్నైలో 1991లో పుట్టిన కే7 కంపెనీ యాంటీవైరస్ ఇంజిన్‌ను జపాన్‌లో ‘వైరస్ సెక్యూరిటీ జీరో’ పేరుతో అమ్మారు! పుణె యాంటీవైరస్ కంపెనీ క్విక్ హీల్ కథ ఇంకా తమాషా, దాని మూలం కాలిక్యులేటర్లు బాగుచేసే షాపు. ఈ రెంటి సెక్యూరిటీ ప్యాకుల్లో ఫైర్‌వాల్ కలిసే వస్తుంది.

★ నెట్‌లో చిరునామాలిచ్చే కొత్త పద్ధతి ఐపీవీ6. ఆ కనెక్షన్‌లో మామూలుగా ఇంటికి ఇచ్చే అతిచిన్న వాటాలోనే చిరునామాలు ఎన్నో చదవగలరా? 1,84,46,74,40,73,70,95,51,616! ఊపిరి ఆగిందా? లక్షా 84 వేల కోటి కోట్లు. ఇంట్లో ప్రతి ఫోనుకూ, టీవీకీ సొంత చిరునామా దొరుకుతుంది కాబట్టి, ఇల్లంతటికీ రౌటర్‌ది ఒక్కటే చిరునామా, దాని చాటున దాగొచ్చన్న పాత ధీమా ఇక్కడ పనిచేయదు.

★ 1,67,77,216 చిరునామాలకు ఒకటే అర్థం, ‘నేనే’! 127తో మొదలయ్యే ఏ ఐపీ అయినా కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోవడానికే. అందరికీ తెలిసింది 127.0.0.1 ఒక్కటే, మిగతావి దాదాపు అన్నీ ఊరికే పడి ఉన్నాయి. కావాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి, 127 తర్వాత మీ పుట్టినరోజు పెట్టండి, 127.15.8.47 అన్నట్టు. ఎవరు పలుకుతారో చూడండి!