చెరువులో చల్లిన మందు ఎక్కడికి పోతుంది?

ఏలూరుకు దక్షిణాన కొల్లేరు ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు ఇందులోకి వస్తాయి. పొలాల మురుగు కాలువలు కూడా ఇందులోకే వస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో ప్రభుత్వం 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును పక్షులకు రక్షణ ప్రాంతంగా ప్రకటించింది. ఆ హద్దు దాటితే కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం వైపు ఎటు చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులే.

ఈ చెరువుల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. చెరువు బాగుంటే ఇల్లు బాగుంటుంది. చెరువుకు జబ్బు వస్తే అప్పు మిగులుతుంది. అందుకే చేప కాస్త మేత తగ్గించినా రైతుకు నిద్ర పట్టదు. తెల్లారేసరికి మందుల షాపు ముందు ఉంటాడు.

"చేపలు తేలుతున్నాయండీ. ఏదైనా గట్టి మందు ఇవ్వండి."

"ఈ పొడి మేతలో కలిపి పెట్టండి. వారంలో తేరుకుంటాయి."

ఏ జబ్బో తెలియదు. నీళ్లు పరీక్ష చేయలేదు. చేపను ఎవరూ కోసి చూడలేదు. మందు మాత్రం చెరువులో పడింది. ఆ పొడి యాంటీబయోటిక్ అనుకుందాం. అప్పుడు ఏమవుతుంది? అది తెలియాలంటే ముందు క్రిముల గురించి తెలియాలి.

కంటికి కనబడని జీవులు

చెరువు నీటిలో, మట్టిలో, మన పేగుల్లో కోట్ల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో బాక్టీరియా ఒక రకం. అన్ని బాక్టీరియాలూ చెడ్డవి కావు. పాలను పెరుగు చేసేది బాక్టీరియానే. పెంటను ఎరువుగా మార్చేదీ అవే. కొన్ని మాత్రం జబ్బులు తెస్తాయి.

బాక్టీరియా చాలా తొందరగా పెరుగుతుంది. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. మేత బాగా దొరికితే కొన్ని రకాలకు ఇందుకు 20 నిమిషాలు చాలు. లెక్క వేసి చూడండి. ఒక్క క్రిమి 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది.

బాక్టీరియాను చంపే మందును, లేదా దాని పెరుగుదలను ఆపే మందును యాంటీబయోటిక్ అంటారు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త లండన్‌లో పెన్సిలిన్‌ను కనిపెట్టాడు. అది బూజు నుంచి వచ్చిన మందు. అంతకుముందు చిన్న పుండు చీము పట్టినా మనుషులు చచ్చిపోయేవారు. బాలింతలు జ్వరంతో పోయేవారు. న్యుమోనియా వస్తే బతుకు మీద ఆశ ఉండేది కాదు.

మన భీమవరం బిడ్డ

ఈ కథలో మన ప్రాంతం వాడు కూడా ఉన్నాడు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. ఇంట్లో పేదరికం. అన్నదమ్ములు జబ్బు చేసి చనిపోయారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లాడు. తరువాత లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలకు పెద్ద అయ్యాడు.

బోదకాలుకు వాడే డి.ఇ.సి. మందు ఆయన నడిపిన పరిశోధనల నుంచే వచ్చింది. మన జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన బిళ్ల అదే. రక్తహీనతకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మీద కూడా ఆయన బృందం గొప్ప పని చేసింది.

అదే లెడర్లీలో బెంజమిన్ డుగ్గర్ అనే పెద్దాయన పనిచేసేవాడు. 70 ఏళ్లు దాటినవాడు. ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి అందులోని సూక్ష్మజీవులను వెతికేవాడు. 1945లో ఒక పొలం మట్టిలో పసుపు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశారు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబంలో ఆరియోమైసిన్ మొదటిది. ఈ కుటుంబానికి చెందిన మందులనే తరువాత పశువులకు, కోళ్లకు, చేపలకు కూడా వాడుతూ వచ్చారు.

మందు ఎందుకు ఓడిపోతుంది?

టెట్రాసైక్లిన్ బాక్టీరియా ఒంట్లోకి దూరుతుంది. అది పెరగడానికి కావలసిన మాంసకృత్తులు తయారు కాకుండా అడ్డుపడుతుంది. దాంతో క్రిమి పెరగలేదు.

అయితే కోట్ల క్రిముల్లో ఏవో కొన్నింటికి ఒక ఉపాయం తెలిసి ఉంటుంది. లోపలికి వచ్చిన మందును వెంటనే బయటకు తోడేస్తాయి. కొల్లేటిలో దోనెకు చిల్లు పడితే ఏం చేస్తారు? నీళ్లను ఎప్పటికప్పుడు తోడి పోస్తూ దోనెను నడుపుతారు. ఈ క్రిములూ అంతే. మందు వేసినప్పుడు ఉపాయం తెలియని క్రిములు చస్తాయి. తెలిసినవి మిగులుతాయి. ఇప్పుడు వాటికి పోటీ లేదు. చెరువంతా వాటిదే.

మందు తక్కువ మోతాదులో వేసినా, మధ్యలో ఆపేసినా ఇంకా ప్రమాదం. క్రిమి చావదు, మందుకు అలవాటు పడుతుంది. ఫ్లెమింగ్ ఈ సంగతి 1945లోనే హెచ్చరించాడు.

చేతులు మారే చీటీ

ఇంకో వింత ఉంది. ఒక క్రిమి తన ఉపాయాన్ని పక్క క్రిమికి ఇవ్వగలదు. క్రిమి లోపల ఉంగరంలాంటి చిన్న జన్యు ముక్క ఉంటుంది. మందును ఎలా తప్పించుకోవాలో అందులో రాసి ఉంటుంది. బడిలో పిల్లలు చీటీ అందించుకున్నట్టు క్రిములు దాన్ని అందించుకుంటాయి. అవి ఒకే జాతి క్రిములు కానక్కరలేదు. చేప జబ్బు క్రిమి దగ్గరున్న చీటీ మనిషి జబ్బు క్రిమికి చేరవచ్చు.

దీనికి ఉదాహరణ కొలిస్టిన్. ఆసుపత్రిలో ఏ మందూ పని చేయనప్పుడు డాక్టర్లు ఆఖరున వాడే మందు ఇది. ఇలాంటి మందును కోళ్లకు, పందులకు మేతలో కలిపి పెట్టేవారు. 2015లో చైనా శాస్త్రవేత్తలు ఒక చీటీని కనుగొన్నారు. కొలిస్టిన్‌ను ఓడించే ఉపాయం అందులో ఉంది. అది పందుల్లో దొరికింది. అంగడి మాంసంలో దొరికింది. ఆసుపత్రిలో రోగుల దగ్గరా దొరికింది. 2017లో చైనా పశువుల మేతలో కొలిస్టిన్‌ను ఆపింది. 2019 జూలైలో మన దేశం కూడా కోళ్లకు, పశువులకు, చేపలకు దాన్ని వాడకూడదని నిషేధించింది. తణుకు, తాడేపల్లిగూడెం వైపు ఎన్నో కోళ్లఫారాలు ఉన్నాయి. ఈ నిషేధం వాటికీ వర్తిస్తుంది.

చెరువు నుంచి ఎక్కడికి?

మేతలో కలిపిన మందు అంతా చేప ఒంటికి పట్టదు. చాలా భాగం నీటిలో, అడుగు బురదలో చేరుతుంది. బురదలోని క్రిములకు రోజూ కొంచెం కొంచెం మందు తగులుతుంది. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు మురుగు కాలువలోకి వదులుతారు. ఆ నీళ్లతో మందు పోతుంది. మందుకు లొంగని క్రిములూ పోతాయి. కాలువకు గట్టు ఉంటుంది గానీ క్రిమికి గట్టు లేదు. అదే నీటిలో గేదెలు దిగుతాయి. మనుషులు కాళ్లు కడుక్కుంటారు. దిగువ రైతు ఆ నీళ్లనే తన చెరువుకు తోడుకుంటాడు.

మందు అక్కరలేని జబ్బులు

చెరువులో వచ్చే ప్రతి కష్టానికీ బాక్టీరియా కారణం కాదు.

చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయా? అది చాలాసార్లు గాలి అందకపోవడం. పగలు నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి ఇవ్వదు, పైగా తనే వాడుకుంటుంది. తెల్లారేసరికి ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. అప్పుడు కావలసింది ఏరియేటర్, కొత్త నీరు. యాంటీబయోటిక్ కాదు.

మేత ఎక్కువై అడుగున కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేప మొప్పలను దెబ్బ తీస్తుంది. అప్పుడు చేయవలసింది మేత తగ్గించడం, నీరు మార్చడం.

రొయ్యకు తెల్లమచ్చ జబ్బు వైరస్ వల్ల వస్తుంది. 1994లో అది మన కోస్తాలో టైగర్ రొయ్యల చెరువులను ఖాళీ చేసింది. వైరస్ మీద యాంటీబయోటిక్ పని చేయదు. ఎంత పోసినా డబ్బు దండగ. రొయ్య పెరగకుండా చేసే ఇ.హెచ్.పి. అనే జబ్బూ అంతే. అది బాక్టీరియా కాదు, మరో రకం సూక్ష్మజీవి.

కొన్ని జబ్బులు నిజంగానే బాక్టీరియా వల్ల వస్తాయి. అయితే ఏ బాక్టీరియా, దానికి ఏ మందు లొంగుతుంది అన్నది పరీక్షలోనే తేలుతుంది.

శాస్త్రం చూపిన దారులు

మొదటిది పి.సి.ఆర్. పరీక్ష. కరోనా రోజుల్లో అందరూ విన్న పేరే ఇది. దీని ఆలోచన 1983లో అమెరికా శాస్త్రవేత్త క్యారీ మల్లిస్‌కు వచ్చింది. పిల్ల రొయ్యలో వైరస్ జన్యువు రవ్వంత ఉన్నా, ఈ పరీక్ష దాన్ని కోట్ల రెట్లు చేసి చూపిస్తుంది. సీడ్ చెరువులో వేయకముందే జబ్బు ఉందో లేదో తెలుస్తుంది. జబ్బున్న సీడ్ వద్దంటే సగం గొడవ పోతుంది.

రెండోది జబ్బు లేని తల్లి రొయ్యలు. 2009లో మన దేశంలో వనామి రొయ్యకు అనుమతి ఇచ్చారు. ఫలానా జబ్బులు లేవని పరీక్షించిన తల్లి రొయ్యలనే తెప్పించాలని నియమం పెట్టారు. ఈ జాగ్రత్త హేచరీలోనే మొదలు కావాలి.

మూడోది ప్రోబయోటిక్. అంటే మంచి బాక్టీరియా. రైతులు దాన్ని బెల్లం, తవుడు కలిపి పులియబెట్టి చెరువులో వేస్తారు. మంచి బాక్టీరియా చోటు ఆక్రమిస్తే చెడ్డవాటికి చోటు దొరకదు. కుళ్లిన మేతను కూడా కొన్ని అరిగిస్తాయి. అయితే ప్యాకెట్టు మీద పేరుంటే చాలదు. లోపల క్రిమి బతికి ఉండాలి. కాలం చెల్లిన ప్యాకెట్టు వట్టి పొడి.

అమ్మకం దగ్గర, ఆసుపత్రి దగ్గర

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను చేపలకు, రొయ్యలకు వాడకూడదని మన దేశంలో నిషేధం ఉంది. విదేశాలకు పోయే రొయ్యలో వీటి జాడ ఉంటే సరుకు వెనక్కి వస్తుంది. 2016లో యూరప్ దేశాలు మన చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను నూటికి 10 నుంచి 50కి పెంచాయి. ఒకరు చేసిన పనికి అందరి రొయ్య ధరా పడిపోతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఆసుపత్రిలో జరుగుతుంది. 2022లో శాస్త్రవేత్తలు ఒక పెద్ద లెక్క ప్రచురించారు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అందులో తేలింది. ఇందుకు చెరువులు, కోళ్లఫారాలు మాత్రమే కారణం కాదు. జలుబుకు రెండు బిళ్లలు కొని వేసుకోవడం, తగ్గగానే మానేయడం కూడా కారణం. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి యాంటీబయోటిక్ పని చేయదు.

ఊరి మంచినీళ్ల చెరువు అందరిదీ. ఒకరు పాడు చేస్తే అందరూ తాగలేరు. యాంటీబయోటిక్ శక్తి కూడా అలాంటిదే. ఈ రోజు గట్టు మీద దండగ చేసిన మందు, రేపు ఇంట్లో బిడ్డకు న్యుమోనియా వస్తే పని చేయాలి కదా!

గుర్తుంచుకోండి

జబ్బు ఏమిటో తేలకుండా మందు వేయకండి. ముందు నీటిని, చేపను పరీక్ష చేయించండి. మత్స్యశాఖ వారిని అడగండి. సీడ్‌కు పి.సి.ఆర్. పరీక్ష చేయించండి. మందు ప్యాకెట్టు మీద పేరు, తేదీ చదవండి. చదవడం వచ్చింది కాబట్టి ఇక ఎవరో చెప్పింది నమ్మి కొనవలసిన పని లేదు. ఇంట్లో డాక్టరు రాసిన మందును ఆయన చెప్పినన్ని రోజులూ వాడండి.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో చెరువు నీళ్లు ఏ కాలువలో కలుస్తాయి? ఆ నీళ్లు ఇంకెవరు వాడుతున్నారు?

2. తెల్లవారుజామున చేపలు తేలితే మీ ఊళ్లో రైతులు మొదట ఏం చేస్తున్నారు?

3. మీ ఇంట్లో సగం వాడి వదిలేసిన బిళ్లలు ఉన్నాయా? వాటి అట్ట మీద ఏం రాసి ఉందో చదవండి.